సిడ్నీలో ఫిర్యాదు చేసిన సిరాజ్.. అడిలైడ్‌లో పెవిలియన్ దారి చూపిన సిరాజ్: స్లెడ్జింగ్‌కు హద్దు ఎక్కడ?

2025 జులై 13. లార్డ్స్ మైదానం. ఇంగ్లండ్ ఓపెనర్ బెన్ డకెట్ కొట్టిన బంతి నేరుగా బుమ్రా చేతుల్లో పడింది. బౌలర్ మహమ్మద్ సిరాజ్ అదే ఊపులో ముందుకొచ్చి డకెట్ ముఖం మీదికి వెళ్లి గట్టిగా అరిచాడు. పెవిలియన్ వైపు కదిలిన డకెట్ భుజం, సిరాజ్ భుజం తగిలాయి. ఐసీసీ వెంటనే స్పందించింది. మ్యాచ్ ఫీజులో 15 శాతం కోత, ఒక డీమెరిట్ పాయింట్.

మర్నాడు అదే మైదానంలో ఇంకో దృశ్యం. గెలుపునకు ఇంకో 23 పరుగులు కావాలి. చివరి వికెట్‌గా సిరాజ్ క్రీజులో ఉన్నాడు. షోయబ్ బషీర్ వేసిన బంతిని బ్యాట్ మధ్యలోనే ఆడాడు. అయినా అది నెమ్మదిగా వెనక్కి దొర్లి వికెట్లను తాకింది. భారత్ 22 పరుగులతో ఓడింది. సిరాజ్ అక్కడే కూలబడిపోయాడు. దగ్గరికొచ్చి భుజం తట్టి లేపింది ఎవరో కాదు, అంతకుముందు రోజు ఎవరి జట్టు మీద అరిచాడో ఆ ఇంగ్లండ్ ఆటగాళ్లే.

ఈ రెండు దృశ్యాల మధ్యలోనే ఉంది అసలు ప్రశ్న. మైదానంలో కోపం, కవ్వింపు ఎంత వరకు ఆట? ఎక్కడి నుంచి అవమానం? హైదరాబాద్ ముస్లిం కుటుంబాలకు ఇది దూరపు ముచ్చట కాదు. ఎందుకంటే ఈ చర్చకు రెండు వైపులా నిలబడిన ఆటగాడు మన ఫస్ట్ లాన్సర్ గల్లీల్లో టెన్నిస్ బంతితో మొదలైనవాడు.

ఒకే మనిషి, రెండు అనుభవాలు

2020 నవంబర్ 20న సిరాజ్ తండ్రి మహమ్మద్ గౌస్ కన్నుమూశారు. ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ని చేసిన మనిషి ఆయన. అప్పటికి సిరాజ్ ఆస్ట్రేలియాలో జట్టుతో పాటు క్వారంటైన్‌లో ఉన్నాడు. జనాజాకు రాలేకపోయాడు. ఇంటికి వెళ్లే అవకాశం ఇచ్చినా జట్టుతోనే ఉండిపోయాడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు మొదటి రోజు జాతీయ గీతం వస్తుంటే ఆ కుర్రాడి కళ్ల నుంచి నీళ్లు కారడం దేశమంతా చూసింది.

అదే టెస్టులో బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తుంటే ప్రేక్షకుల్లో కొందరు బుమ్రాను, సిరాజ్‌ను జాతి పేరుతో దూషించారు. మూడో రోజు ఆట ముగిశాక భారత జట్టు అధికారికంగా ఫిర్యాదు చేసింది. నాలుగో రోజు మళ్లీ అదే జరిగింది. ఈసారి సిరాజ్ తిరిగి తిట్టలేదు, సైగ చేయలేదు. నేరుగా కెప్టెన్ రహానే దగ్గరికి, అంపైర్ దగ్గరికి వెళ్లి చెప్పాడు. ఆట ఆగింది. ఆరుగురు ప్రేక్షకులను స్టాండ్ నుంచి బయటికి పంపారు. కావాలంటే మ్యాచ్ మధ్యలో వెళ్లిపోవచ్చని అంపైర్లు చెప్పారని, తప్పు చేయని మనం ఎందుకు వెళ్లాలి, ఆడదాం అని రహానే అన్నాడని సిరాజ్ తర్వాత వివరించాడు.

క్రికెట్ ఆస్ట్రేలియా క్షమాపణ చెప్పింది. భారత ఆటగాళ్లు జాతి దూషణకు గురైన మాట నిజమేనని విచారణలో తేల్చింది. అయితే బయటికి పంపిన ఆ ఆరుగురు మాత్రం ఆ మాటలు అన్నవాళ్లు కాదని కూడా అదే విచారణ తేల్చింది. అసలు అన్నదెవరో చివరికి దొరకలేదు. నేరం జరిగింది, నేరస్థుడు లేడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

సిరాజ్ జవాబు ఇంకో విధంగా వచ్చింది. బ్రిస్బేన్‌లో జరిగిన తర్వాతి టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. భారత్ సిరీస్ గెలిచింది. హైదరాబాద్‌లో విమానం దిగి నేరుగా తండ్రి ఖబర్ దగ్గరికి వెళ్లాడు.

ఇక దాదాపు నాలుగేళ్ల తర్వాత, 2024 డిసెంబర్, అడిలైడ్. ట్రావిస్ హెడ్ 141 బంతుల్లో 140 కొట్టి భారత బౌలింగ్‌ను చితక్కొట్టాడు. చివరికి సిరాజ్ బౌల్డ్ చేశాడు. వికెట్ పడగానే చేతితో పెవిలియన్ దారి చూపిస్తూ నోరు పారేసుకున్నాడు. బాగా వేశావనే తాను అన్నానని హెడ్ చెప్పాడు. అది అబద్ధమని సిరాజ్ అన్నాడు. ఐసీసీ సిరాజ్‌కు 20 శాతం జరిమానా, ఇద్దరికీ చెరో డీమెరిట్ పాయింట్ వేసింది. ఆ తర్వాత ఆస్ట్రేలియా ప్రేక్షకులు సిరాజ్ బంతి పట్టుకుంటే చాలు గోల చేశారు.

సిడ్నీలో తల ఎత్తుకుని నిలబడిన కుర్రాడూ, అడిలైడ్‌లో అదుపు తప్పిన బౌలరూ ఒక్కడే. అభిమానులకు ఇక్కడే ఇబ్బంది. మొదటిదానికి చప్పట్లు కొట్టి, రెండోదాన్ని కూడా వీరత్వం అని మీమ్స్ చేసుకుంటే కొలబద్ద తప్పినట్టే. తెలంగాణ ప్రభుత్వం ఆ ఏడాది అక్టోబర్‌లో సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది కదా, అడిలైడ్ తర్వాత ఇక్కడ నడిచిన జోకులన్నీ దాని మీదే. నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఔటైన బ్యాటర్‌ని తరమడం పోలీసు పనీ కాదు, బౌలర్ పనీ కాదు.

అసలు స్లెడ్జింగ్ అంటే ఏంటి?

ప్రత్యర్థి ఏకాగ్రత చెదరగొట్టడానికి మాటలతో గెలకడమే స్లెడ్జింగ్. ఈ మాట 1960లలో ఆస్ట్రేలియాలో పుట్టిందని చెబుతారు. ఒక ఆటగాడు ఒక మహిళ ముందు మోటుగా మాట్లాడితే, సుత్తితో కొట్టినట్టుంది నీ వరస అని తోటివాళ్లు ఎగతాళి చేశారట. ఇంగ్లిష్‌లో పెద్ద సుత్తిని స్లెడ్జ్‌హ్యామర్ అంటారు. అలా ఆ పేరు స్థిరపడిందని ఇయాన్ చాపెల్ వంటి మాజీ కెప్టెన్లు చెప్పారు. అంటే పుట్టుకలోనే అది మర్యాద తప్పిన మాటకు పెట్టిన పేరు.

మాటల పోటీ అన్ని జట్లలోనూ ఉంది. 1981లో పెర్త్‌లో డెన్నిస్ లిల్లీ కాలితో తన్నాడు, జావేద్ మియాందాద్ బ్యాట్ ఎత్తాడు. మధ్యలో అంపైర్ నిలబడాల్సి వచ్చింది. 1996 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో ఫోర్ కొట్టి బౌండరీ వైపు వేలు చూపిన ఆమిర్ సొహైల్‌ను వెంకటేశ్ ప్రసాద్ మరుసటి బంతికే బౌల్డ్ చేసి సాగనంపాడు. ఆ క్లిప్ చూడని ఇల్లు ఈ దేశంలో తక్కువ. 2007లో ఫ్లింటాఫ్ కవ్వింపు తర్వాత స్టువర్ట్ బ్రాడ్ ఓవర్‌లో యువరాజ్ ఆరు సిక్సర్లు బాదాడు. కవ్వించినవాడి జట్టుకే దెబ్బ తగిలిన సందర్భాలూ ఇలా తక్కువేం కాదు.

నవ్వించే కవ్వింపూ ఉంది. 2018 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో వికెట్ల వెనక నుంచి టిమ్ పైన్, వన్డే జట్టులో చోటు లేని రిషభ్ పంత్‌ను ఉద్దేశించి, నేను భార్యతో సినిమాకెళ్తే మా పిల్లల్ని చూసుకుంటావా అన్నాడు. పైన్ బ్యాటింగ్‌కు రాగానే పంత్, తాత్కాలిక కెప్టెన్‌ను ఎప్పుడైనా చూశారా అంటూ బదులు తీర్చుకున్నాడు. కొన్ని రోజులకే పైన్ పిల్లల్లో ఒకరిని ఎత్తుకుని పంత్ నవ్వుతున్న ఫొటోను పైన్ భార్యే పోస్ట్ చేశారు. ఎవరి మనసూ గాయపడలేదు. చూసినవాళ్లకూ సరదా. దీన్ని ఆపాలని ఎవరూ అనరు.

ఆటను అనడం వేరు, పుట్టుకను అనడం వేరు

మరి ఏది ఆపాలి? ఒక మాట ప్రత్యర్థి ఆటను తాకుతుందా, లేక అతను మార్చుకోలేని దాన్ని తాకుతుందా అని చూస్తే చాలావరకు తేలిపోతుంది. బౌన్సర్ ఆడటం రాదు అంటే అది ఆట గురించి. రాత్రికి ప్రాక్టీస్ చేసుకుంటాడు. చర్మం రంగు, మతం, కన్నతల్లి అంటే అవి ఆట గురించి కాదు. వాటికి నెట్స్‌లో సమాధానం లేదు.

కుటుంబం మీదికి వెళ్లిన మాట ఎంత ప్రమాదమో 2003లో యాంటిగువాలో కనిపించింది. గ్లెన్ మెక్‌గ్రాత్ అసభ్యంగా రెచ్చగొట్టాడు. రామ్‌నరేశ్ శర్వాన్ ఇచ్చిన జవాబు మెక్‌గ్రాత్ భార్య పేరు మీదికి వెళ్లింది. ఆమె అప్పటికి క్యాన్సర్‌తో పోరాడుతున్నారు. మెక్‌గ్రాత్ ఊగిపోయాడు, వేలు చూపిస్తూ శర్వాన్ ముఖం మీదికి వెళ్లాడు. మొదలుపెట్టినవాడే చివరికి ఎక్కువ గాయపడ్డాడు. ఆ మ్యాచ్‌లో వెస్టిండీస్ 418 పరుగులు ఛేదించి టెస్టుల్లో రికార్డు సృష్టించింది. కానీ ఆ టెస్టు పేరెత్తితే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ గొడవే.

మతం పేరుతో వచ్చే మాట ముస్లిం ఆటగాళ్లకు కొత్త కాదు. 2006లో కొలంబో టెస్టులో హషీమ్ ఆమ్లా క్యాచ్ పట్టగానే వ్యాఖ్యాత డీన్ జోన్స్ అతన్ని ఉగ్రవాది అన్నాడు. మైక్ ఆగిపోయిందనుకుని అన్న మాట అది, కానీ ప్రసారమైపోయింది. ఛానల్ వెంటనే తొలగించింది, జోన్స్ క్షమాపణ చెప్పాడు. గడ్డం తప్ప ఆమ్లా చేసిన నేరం ఏమీ లేదు. ఆమ్లా గొడవ పెంచలేదు. ఆ తర్వాత ఓవల్‌లో 311 నాటౌట్ కొట్టి, దక్షిణాఫ్రికా తరఫున టెస్టుల్లో తొలి ట్రిపుల్ సెంచరీ వీరుడయ్యాడు.

2015 యాషెస్ సిరీస్ కార్డిఫ్ టెస్టులో ఒక ఆస్ట్రేలియా ఆటగాడు తనను ఒసామా అని పిలిచాడని ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ మొయిన్ అలీ 2018లో తన ఆత్మకథలో రాశాడు. ఆ ఆటగాడిని అప్పట్లోనే అడిగితే అలా అనలేదని చెప్పాడు. పుస్తకం వచ్చాక క్రికెట్ ఆస్ట్రేలియా మళ్లీ ఆరా తీసి, కొత్త సాక్ష్యం లేదంటూ ఫైల్ మూసేసింది. మొయిన్‌కు మిగిలింది జ్ఞాపకం మాత్రమే.

సాక్ష్యం దొరికితేనే శిక్ష

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. చేతి సైగ కెమెరాకు దొరుకుతుంది. భుజం తగిలితే నాలుగు కోణాల్లో రీప్లే ఉంటుంది. చెవిలో చెప్పిన మాటకు రీప్లే లేదు.

2008 జనవరిలో సిడ్నీలో హర్భజన్ సింగ్, ఆండ్రూ సైమండ్స్ వివాదం ఇందుకు పెద్ద ఉదాహరణ. హర్భజన్ తనను కోతి అన్నాడని సైమండ్స్ వైపు ఆరోపణ. మ్యాచ్ రిఫరీ మైక్ ప్రాక్టర్ మూడు టెస్టుల నిషేధం వేశాడు. సిరీస్ ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అప్పీల్‌లో న్యూజిలాండ్ జడ్జి జాన్ హాన్సెన్ జాతి దూషణ రుజువు కాలేదని చెప్పి, నిషేధం ఎత్తేసి, మ్యాచ్ ఫీజులో సగం జరిమానాగా మార్చారు.

ఆ విచారణలో వినిపించిన ఒక వాదన మాత్రం ఆలోచించాల్సినది. అన్నది కోతి అని కాదు, ఉత్తరాదిలో తల్లి పేరుతో తిట్టే మాట అని, అది అటువైపు వేరేగా వినిపించి ఉంటుందని చర్చ జరిగింది. అంటే తల్లిని తిట్టడం చిన్న తప్పుగా, బయటపడే దారిగా నిలిచింది! మన దేశంలో ఆ రోజు టీవీల ముందు గెలిచామని సంబరపడ్డవాళ్లలో ఎంతమంది ఈ సంగతి పట్టించుకున్నారు? సైమండ్స్, హర్భజన్ 2011లో ముంబై ఇండియన్స్‌లో ఒకే డ్రెస్సింగ్ రూమ్ పంచుకున్నారు. కానీ ఆ గొడవ తన ఆట జీవితాన్ని దెబ్బతీసిందని సైమండ్స్ చెబుతూనే ఉన్నాడు. 2022లో కారు ప్రమాదంలో చనిపోయాడు.

పదకొండేళ్ల తర్వాత, 2019 జనవరి 22న డర్బన్‌లో సీన్ మారింది. పాకిస్థాన్ కెప్టెన్ సర్ఫరాజ్ అహ్మద్ వికెట్ల వెనక నుంచి దక్షిణాఫ్రికా ఆటగాడు ఆండిలె ఫెలుక్వాయోను చర్మం రంగుతో పిలిచి, అతని అమ్మీ ప్రస్తావన కూడా తెచ్చాడు. మాటలు ఉర్దూలో ఉన్నాయి. ఫెలుక్వాయోకు అర్థం కాలేదు. కానీ స్టంప్ మైక్‌కు దొరికిపోయాయి. అప్పటికి కొద్ది నెలల ముందే స్టంప్ మైక్‌లను అన్నివేళలా ఆన్‌లో ఉంచేందుకు ఐసీసీ అనుమతి ఇచ్చింది. సర్ఫరాజ్ ఫెలుక్వాయోను కలిసి క్షమాపణ అడిగాడు. అయినా జాత్యహంకార వ్యతిరేక నియమావళి కింద నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. ఆ మ్యాచ్‌లో ఫెలుక్వాయో 4 వికెట్లు తీసి, 69 పరుగులతో నాటౌట్‌గా నిలిచి జట్టును గెలిపించాడు.

ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఈ ఘటన గురించి నిజాయతీగా మాట్లాడుకోవాలి. మొయిన్‌ను ఒసామా అంటే మనకు మండుతుంది. అదే మన జబాన్‌లో ఒక నల్లజాతి ఆటగాడిని రంగు పేరుతో పిలిస్తే, అరే మాటవరసకు అన్నాడులే అనిపిస్తుందా? అనిపిస్తే తప్పు మనలోనే ఉంది. ఇంట్లో నల్లగా ఉన్న పిల్లాడిని రంగుతో పిలిచే అలవాటు ఎంత మామూలో అందరికీ తెలుసు. మైక్ పెట్టకపోవడం వల్ల అది వినపడటం లేదు, అంతే.

యార్క్‌షైర్ ఆటగాడు అజీమ్ రఫీక్ కథలోనూ ఇదే పాఠం ఉంది. సొంత జట్టు డ్రెస్సింగ్ రూమ్‌లోనే ఏళ్ల తరబడి జాతి పేరుతో అవమానాలు భరించానని 2020లో బయటపెట్టాడు. 2021 నవంబర్‌లో బ్రిటన్ ఎంపీల కమిటీ ముందు కన్నీళ్లతో చెప్పాడు. 2023లో యార్క్‌షైర్ క్లబ్‌కు 4 లక్షల పౌండ్ల జరిమానా, కౌంటీ చాంపియన్‌షిప్‌లో 48 పాయింట్ల కోత పడ్డాయి. అదే సమయంలో, 2011లో రఫీక్ పంపిన యూదు వ్యతిరేక సందేశాలు కూడా బయటికొచ్చాయి. దాచకుండా ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. బాధితుడు కూడా ఇంకెక్కడో బాధపెట్టినవాడై ఉండొచ్చు. అందుకే కొలబద్ద అందరికీ ఒకటే ఉండాలి.

జరిమానా లెక్క చూస్తే

ఇప్పుడు కాస్త లెక్కలోకి వద్దాం. టెస్టుకు భారత ఆటగాడి మ్యాచ్ ఫీజు 15 లక్షలు. అడిలైడ్‌లో 20 శాతం అంటే 3 లక్షలు. లార్డ్స్‌లో 15 శాతం అంటే 2.25 లక్షలు. రెండూ కలిపితే 5.25 లక్షలు. 2024-25కి బీసీసీఐ ఏ గ్రేడ్ కాంట్రాక్టు కింద సిరాజ్‌కు 5 కోట్లు. ఐపీఎల్ 2025కి గుజరాత్ టైటాన్స్ పెట్టిన ధర 12.25 కోట్లు. ఈ రెండు ఆదాయాలతో పోలిస్తే ఆ జరిమానా వంద రూపాయలకు 30 పైసలు. ఈ లెక్కన పెద్ద ఆటగాడి నోరు జరిమానాతో ఆగదు.

అదే కొత్త కుర్రాడి సంగతి చూడండి. ఐపీఎల్ 2025లో లక్నో జట్టు స్పిన్నర్ దిగ్వేశ్ రాఠీని 30 లక్షలకు కొన్నారు. వికెట్ పడినప్పుడల్లా చేతి మీద నోట్‌బుక్‌లో రాసుకున్నట్టు సైగ చేయడం అతని అలవాటు. మొదట 25 శాతం, తర్వాత రెండుసార్లు 50 శాతం చొప్పున కోత పడింది. ఐపీఎల్ మ్యాచ్ ఫీజు 7.5 లక్షలు కాబట్టి మొత్తం 9.37 లక్షలు. అంటే కాంట్రాక్టు విలువలో దాదాపు మూడో వంతు. సన్‌రైజర్స్ హైదరాబాద్ ఓపెనర్ అభిషేక్ శర్మతో మే 19న జరిగిన గొడవతో డీమెరిట్ పాయింట్లు ఐదుకు చేరి ఒక మ్యాచ్ నిషేధం కూడా పడింది. శాతాల్లో జరిమానా సమానంగా కనిపిస్తుంది. కానీ తగిలే దెబ్బ సమానం కాదు.

పెద్ద ఆటగాడికి నిజంగా భయం పుట్టించేది డీమెరిట్ పాయింట్. 2016 సెప్టెంబర్ నుంచి ఈ పద్ధతి ఉంది. ఒక్కో పాయింట్ 24 నెలల పాటు ఖాతాలో ఉంటుంది. ఆ గడువులో నాలుగు చేరితే రెండు సస్పెన్షన్ పాయింట్లుగా మారతాయి. అంటే ఒక టెస్టు, లేదా రెండు వన్డేలు, లేదా రెండు టీ20లు పోతాయి. అడిలైడ్ పాయింట్, లార్డ్స్ పాయింట్ కలిపి సిరాజ్ ఖాతాలో రెండు పడ్డాయి. అంటే నిషేధానికి సగం దూరం. డబ్బు జేబులోంచి పోతుంది, మ్యాచ్ మాత్రం జట్టు నుంచి పోతుంది.

ఈ పద్ధతిలో లోపం ఒకటే. కంటికి కనిపించే కోపానికి వెంటనే పాయింట్ పడుతుంది. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో 19 ఏళ్ల సామ్ కొన్‌స్టాస్‌ను భుజంతో ఢీకొట్టిన కోహ్లీకి 20 శాతం, ఒక పాయింట్ పడ్డాయి. అది సరైనదే. కానీ పుట్టుక మీద అన్న మాటకు మైక్ దొరకకపోతే సున్నా. చిన్న తప్పుకు కచ్చితంగా శిక్ష, పెద్ద తప్పుకు అదృష్టం ఉంటే శిక్ష. ఇది తిరగబడాలి. స్టంప్ మైక్ రికార్డింగ్ ప్రసారంలో వచ్చినా రాకపోయినా రిఫరీ చేతికి అందాలి. ఏ భాషలో అన్నా అర్థం చెప్పగలిగినవాళ్లు ఉండాలి.

తెర మీద అమ్ముడుపోయే కోపం

ఆటగాళ్లను మాత్రమే అనడం కూడా న్యాయం కాదు. ఒక పక్క జరిమానా వేస్తూనే, ఇంకో పక్క అదే సైగను స్లో మోషన్‌లో పదిసార్లు చూపిస్తారు. తర్వాతి మ్యాచ్ ప్రోమోలో అదే వాడతారు. చక్కటి ఇన్‌స్వింగర్ కంటే వేలు చూపిన క్లిప్‌కే ఫోన్లలో ఎక్కువ తిరుగుడు. దాన్ని ముందుకు తోసేది ఎవరు? రాత్రి పూట దస్తర్‌ఖాన్ ముందు ఫోన్ పట్టుకున్న మనమే.

2023 మే 1న లక్నోలో కోహ్లీ, గౌతమ్ గంభీర్, నవీన్ ఉల్ హక్ మధ్య గొడవ జరిగింది. కోహ్లీ, గంభీర్‌లకు మ్యాచ్ ఫీజు మొత్తం పోయింది, నవీన్‌కు సగం. ఆ తర్వాత నెలల తరబడి ఆ అఫ్గాన్ కుర్రాడు ఎక్కడ బౌలింగ్ చేసినా ప్రేక్షకులు కోహ్లీ పేరుతో వేధించారు. అది ఆగింది అక్టోబర్ 11న, ఢిల్లీలో ప్రపంచ కప్ మ్యాచ్‌లో. కోహ్లీ తన సొంత ప్రేక్షకుల వైపు తిరిగి, ఇక చాలు అని చేత్తో సైగ చేశాడు. ఇద్దరూ చేతులు కలిపి హత్తుకున్నారు. ఏ జరిమానా చేయలేని పని ఆ ఒక్క సైగ చేసింది.

కోహ్లీ ఇలా నిలబడటం అదొక్కసారే కాదు. 2021 అక్టోబర్‌లో పాకిస్థాన్ చేతిలో ఓటమి తర్వాత మహమ్మద్ షమీని మతం పేరుతో సోషల్ మీడియాలో వేధించినప్పుడు, ఒక మనిషిని మతం పేరుతో దాడి చేయడం కంటే నీచమైనది లేదన్న అర్థంలో కెప్టెన్‌గా బహిరంగంగా మాట్లాడాడు. మైదానంలో అందరికంటే ఎక్కువ కోపం చూపే ఆటగాడే, అసలు హద్దు ఎక్కడుందో అందరికంటే గట్టిగా చెప్పాడు. కోపం వేరు, ద్వేషం వేరు అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

గల్లీ నుంచి లీగ్ దాకా

ఇదంతా పెద్ద మైదానాల సంగతి. కానీ పిల్లలు నేర్చుకునేది చిన్న మైదాన్‌లో. ఆదివారం పొద్దున ఏ బస్తీ మైదాన్‌కు వెళ్లినా, బంతి పడక ముందే అమ్మ మీద, అక్క మీద తిట్లు వినిపిస్తాయి. ఆడేది పన్నెండేళ్ల పిల్లలు. అర్థం కూడా తెలియకుండా అనేస్తారు. రేపు వాళ్లలో ఒకడు లీగ్ ఆడతాడు, ఇంకొకడు రంజీకి వెళ్తాడు. నోటికి పట్టిన అలవాటు వైట్ డ్రెస్ వేసుకోగానే పోదు.

క్రికెట్ చట్టాలు రాసే ఎంసీసీ 2017 అక్టోబర్ నుంచి ప్రవర్తన మీద ప్రత్యేకంగా 42వ నిబంధన తెచ్చింది. అంపైర్ తక్షణమే అవతలి జట్టుకు 5 పరుగులు ఇవ్వొచ్చు. తప్పు ఇంకా పెద్దదైతే కొన్ని ఓవర్లు బయట కూర్చోబెట్టొచ్చు. దాడికి దిగితే మ్యాచ్ మొత్తం నుంచి పంపేయొచ్చు. క్లబ్ స్థాయిలో కోచ్‌లు, అంపైర్లు ఈ నిబంధనను నిజంగా వాడితే సగం రోగం అక్కడే తగ్గుతుంది. జట్టుకు 5 పరుగులు పోతే ఆ కుర్రాడిని సొంత జట్టే సరిచేస్తుంది.

ఇంట్లో చెప్పాల్సినవీ రెండు ఉన్నాయి. ఒకటి, ఎవరైనా నీ మతం మీద, రంగు మీద, అమ్మీ మీద అంటే తిరిగి తిట్టకు. కెప్టెన్‌కు చెప్పు, అంపైర్‌కు చెప్పు, కోచ్‌కు చెప్పు. వినకపోతే అబ్బాకు చెప్పు, రాతపూర్వకంగా ఇద్దాం. చెప్పడం పిరికితనం కాదు. సిడ్నీలో సిరాజ్ చేసింది అదే. అన్నవాడు దొరకలేదు నిజమే, కానీ దూషణ జరిగిందని రికార్డులో పడింది, బోర్డు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. రెండోది మొదటిదాని కంటే కష్టం. నువ్వు కూడా ఇంకొకరిని ఆ మాట అనకు. మన వాళ్లు అంటే సరదా, ఎదుటివాళ్లు అంటే అవమానం అనే లెక్క చెల్లదు.

చివరిగా మళ్లీ సిరాజ్ దగ్గరికి. లార్డ్స్ ఓటమి తర్వాత మూడు వారాలకు, ఓవల్‌లో సిరీస్ చివరి టెస్టు. ఆగస్టు 3న హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి కూడా బౌండరీ తాడు తొక్కాడు. బ్రూక్ అప్పటికి 19. తర్వాత 111 కొట్టాడు. ఆ సాయంత్రం ఇంగ్లండ్ సీనియర్ జో రూట్ సిరాజ్ గురించి మాట్లాడుతూ, అతను నిజమైన యోధుడని మెచ్చుకున్నాడు. ఆ కోపం చాలావరకు నటనే, తనకు తెలిసిపోతుంది, మనిషి మాత్రం మంచివాడు అన్న అర్థంలో నవ్వుతూ చెప్పాడు. ఐదు టెస్టులు ఎదురుగా నిలబడి ఆడిన ప్రత్యర్థి ఇచ్చిన సర్టిఫికెట్ అది.

మర్నాడు పొద్దున భారత్ 6 పరుగులతో గెలిచింది. చివరి వికెట్ సిరాజ్‌దే, యార్కర్‌తో ఆట్కిన్సన్ బౌల్డ్. ఆ మ్యాచ్‌లో 9 వికెట్లు, సిరీస్‌లో మొత్తం 23. ఐదు టెస్టులూ ఆడాడు. ఆ రోజు సిరాజ్ రెండు చేతులూ చాచి పరుగెత్తాడు, తన సొంత జట్టు వైపు. ఔటైన బ్యాటర్ ముఖం మీదికి కాదు. ఐసీసీ దాకా వెళ్లే పని పడలేదు. బంతి చెప్పాల్సింది చెప్పేశాక నోటికి పని ఉండదు. గల్లీలో టెన్నిస్ బంతి పట్టుకున్న పిల్లలకు చూపించాల్సిన క్లిప్ అడిలైడ్‌ది కాదు, ఇది.